చెలకలో రెండు రకాల జామాయిల్: ఏది ఎక్కడ నిలిచింది

దేవరకొండ వైపు జామాయిల్ వేయదలచిన రైతు నర్సరీలో ముందు అడగవలసింది మొక్క ధర కాదు, జాతి. మా చెలకలో టెరెటికార్నిస్, కమాల్డులెన్సిస్ పక్కపక్కనే పెంచాం. రెండింటినీ కోశాం, మోడుల నుంచి వచ్చిన పిలకలను పెంచి మళ్లీ కోశాం. కర్ర అమ్మకానికైతే నా ఓటు టెరెటికార్నిస్‌కే, నేలకు లోతు ఉంటే.

మైసూరు జామాయిల్ పేరుతో దక్షిణాదిన పాకినది ప్రధానంగా ఇదే. సొంత నేల ఆస్ట్రేలియా తూర్పు భాగం, పాపువా న్యూగినీ. మా పొలం దిగువన ఎర్రమట్టి లోతుగా ఉన్నచోట కర్ర నిటారుగా, దాదాపు ఒకే లావున వచ్చింది. లారీకి ఎత్తడం సులువు, తూకమూ బాగుంది. గుట్ట వాలులో, జానెడు మట్టి కింద రాయి తగిలే చోట మాత్రం వానలు ముఖం చాటేసిన ఏడాది కొనల నుంచి ఎండుతూ వచ్చింది.

ఆ వాలులో నిలిచింది కమాల్డులెన్సిసే. ఆస్ట్రేలియా లోపలి ఎండు ప్రాంతాల నదుల ఒడ్డున పెరిగే చెట్టు ఇది; కొంతకాలం నీరు నిలిచినా, నెలల తరబడి చినుకు పడకపోయినా ఓర్చుకుంటుంది. చౌడు మూలలోనూ బతికింది. కానీ కాండం వంకర, కొమ్మలు ఎక్కువ. పైగా గాల్ కందిరీగ. 2000 తర్వాత దక్షిణ భారతంలో వ్యాపించిన ఈ చిన్న పురుగు లేత ఆకుల ఈనెల్లో, కాడల్లో గుడ్లు పెడుతుంది. అక్కడ బుడిపెలు లేచి పిలక ఎదుగుదల ఆగిపోతుంది. పిల్ల పురుగు బుడిపె లోపల ఉంటుంది కనుక పైన చల్లిన మందు దానికి సరిగా అందదు. కమాల్డులెన్సిస్ పిలకలు దీనికి ఎంతగా నలిగిపోయాయో చూసి చాలా బాధపడ్డాను.

రెండూ సులభంగా సంకరం అవుతాయి, అందువల్ల విత్తన మొక్కల్లో కలగాపులగం మామూలే. పూమొగ్గ టోపీ టెరెటికార్నిస్‌కు పొడవుగా కొమ్ములా ఉంటుంది. రెండోదానికి పొట్టిగా ఉండి కొన సన్నగా సాగుతుంది. మొగ్గ కోసం ఏళ్లు ఆగలేం కనుక గింజ చూపించమనండి: టెరెటికార్నిస్‌ది నలుపు, కమాల్డులెన్సిస్‌ది పసుపు గోధుమ రంగు.

ఏ జాతి అయినా బత్తాయి తోట గట్టున వేయకండి. మా గట్టు పక్కన కంది వరుసలు రెండు జాతుల దగ్గరా ఒకేలా గిడసబారాయి.