శాంటా క్లారా ఎర్ర కుండలు: ఎక్కడ దిగాలి, ఎక్కడ కొనాలి

అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రానికి వెళ్ళే మనవాళ్ళు చాలామంది వైట్ శాండ్స్ తెల్ల ఇసుకదిబ్బలు చూసుకుని తిరిగొచ్చేస్తారు. మట్టి పనంటే ఇష్టం ఉంటే ఉత్తరాన శాంటా ఫే, దానికి పైన శాంటా క్లారా ప్యూబ్లో (ఆదివాసీల ఊరు) కోసమే వెళ్ళొచ్చు. ఆల్బుకర్కీలో విమానం దిగితే శాంటా ఫేకి కారులో గంట. రైలు కూడా ఉంది గానీ ప్యూబ్లో దాకా పోదు.

మొదట శాంటా ఫే నడిబొడ్డున ప్లాజా అనే కూడలి పక్క హోటల్లో దిగాం. గది బాగుంది, పార్కింగ్ బిల్లు మాత్రం వేరే. బుకింగ్‌లో ఆ ముక్క ఎక్కడా లేదు. తర్వాత ఎస్పన్యోలా అనే ఊళ్ళో మామూలు మోటెల్‌కి మారాం. హంగులు లేవు, అద్దె తక్కువ, ప్యూబ్లో పక్కనే. కుండలే ముఖ్యమైతే అదే నయం. శాంటా ఫే దాదాపు 7,000 అడుగుల ఎత్తులో ఉంది, మొదటిరోజు తలనొప్పి రావచ్చు. శాకాహారులు బీన్స్‌లో పంది కొవ్వు వేశారేమో అడిగి తినాలి.

ప్లాజాలో పాత గవర్నర్ల భవనం వరండాలో అమ్మేవాళ్ళంతా ఆదివాసీలే. తాము గానీ, ఇంట్లోవాళ్ళు గానీ చేసినవే అమ్మాలని అక్కడ నియమం. చిన్న గిన్నె కొనడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. గ్యాలరీల్లో ఏరిన సరుకే ఉంటుంది, కాకపోతే ధర చూశాక చేతులు వెనక్కి కట్టుకుని నడవాల్సిందే.

అసలు సంగతి శాంటా క్లారాలో తెలిసింది. కొన్ని ఇళ్ళ ముందు కుండలు అమ్ముతామని బోర్డులుంటాయి. మేం వెళ్ళిన ఇంట్లో ఒక పెద్దావిడ నున్నటి ఏటిరాయితో గిన్నెకి మెరుగు పెడుతోంది. తల ఎత్తకుండానే కూర్చోమంది. ఎర్రమట్టి పూత ఆరేలోపే రాయి ఆడాలి, మధ్యలో ఆపితే మచ్చ పడుతుందట. ఇక్కడ సారె లేదు. అగ్నిపర్వతపు బూడిద కలిపిన మట్టిని తాళ్ళుగా చేసి, చుట్టలు చుట్టలుగా పేర్చి లేపుతారు. పూర్తిగా ఆరకముందే చెక్కుతారు. కొమ్ముల నీటిపాము అవాన్యు బొమ్మ మెలికలు తిరుగుతూ కుండ చుట్టూ సాగుతుంది. పైకి తేలిన భాగం అద్దంలా మెరుస్తుంది, చెక్కిన లోతు మెరుపు లేకుండా గరుకుగా ఉంటుంది. వేలితో తడిమితే ఆ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఆరుబయట కట్టెల మంటకి గాలి బాగా ఆడితే కుండ ఎర్రగానే ఉంటుంది. అదే మంటని పేడ పొడితో కప్పి ఊపిరాడకుండా చేస్తే నల్లబడుతుంది. ఈ చెక్కుడు పనికి ఎంతో పేరు తెచ్చిన మార్గరెట్ టఫోయా (1904–2001) ఈ ఊరి మనిషే.

అడగకుండా ఫోటోలు తీయొద్దు, అనుమతి నియమాలు గట్టిగా ఉంటాయి. దగ్గర్లోని పుయే కొండగుహల ఇళ్ళకి గైడ్ లేకుండా పంపరు. తెరిచే రోజులు ముందే కనుక్కోండి.

కొనేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి: చేత్తో చుట్టిందా, అచ్చులో పోసిందా? ఆరుబయట కాల్చారా, కరెంటు కొలిమిలోనా? రెండో రకాలు చవగ్గా దొరుకుతాయి, అవి వేరే సరుకు. నీళ్ళు, పూలు పెట్టుకుందామని మాత్రం కొనకండి. ఈ కుండలు తడికి ఆగవు, మెరుగు పాడైపోతుంది. విమానంలో చేతిసంచిలోనే పెట్టుకోండి.