స్కూల్ ఫీజుకు ఈఎంఐ, చిట్టీ, ఆర్డీ: ఏది మేలు?

పిల్లవాడి ఏడాది ఫీజు 60,000 అనుకుందాం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూకట్‌పల్లి దాకా జీతం మీద బతికే ఇళ్లల్లో ఆ డబ్బు ఈ మూడు దారుల్లోనే వస్తుంది.

ఈఎంఐ: "నెలకు ఒక్క శాతమే" అంటారు. ఫ్లాట్ వడ్డీ అయితే ఏడాదికి 7,200 పడుతుంది, నెలకు 5,600 చొప్పున 12 కిస్తీలు. నెలనెలా అసలు తీరుతున్నా, వడ్డీ మాత్రం చివరిదాకా మొత్తం 60,000 మీదే. అందుకే తగ్గే బాకీ మీద లెక్కగడితే రేటు ఏడాదికి 21 శాతం దాటుతుంది. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ వేరు. సంతకానికి ముందే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (లోన్ ఖర్చులు, షరతులు ఒక్కచోట రాసిచ్చే కాగితం) అడిగి, అందులో ఏపీఆర్, అంటే ఫీజులు కూడా కలిపి ఏడాదికి పడే అసలు రేటు, ఎంతుందో చూడండి. 2024 అక్టోబర్ 1 నుంచి ఇచ్చే రిటైల్ లోన్లకు ఆ కాగితం ఇవ్వాల్సిందే.

"నో కాస్ట్" ఈఎంఐ అన్నా స్కూల్ ఆఫీసులో ఒక్క మాట అడగండి: ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారు? 3,000 తగ్గిస్తామంటే, ఈఎంఐ తీసుకున్నవాళ్లు కట్టే వడ్డీ ఆ 3,000 అన్నమాట.

చిట్టీ: 12 మంది, నెలకు 5,000. పాట 9,000కు పోతే ఎత్తుకున్నవాళ్ల చేతికి 51,000 వస్తుంది. కమిషన్ 5 శాతం, అంటే 3,000 పోగా మిగిలిన 6,000 పంచితే మనిషికి 500. ఆ నెల 4,500 కడితే చాలు. చివరిదాకా ఆగేవాళ్లకు లాభమే. ఫీజు కోసం ముందే ఎత్తితే మాత్రం 9,000 లోటు. పాట దక్కినా ష్యూరిటీ కాగితాలు పూర్తయ్యేదాకా డబ్బు రాదు కాబట్టి, జూన్ ఫీజుకు ఏప్రిల్‌లోనే పాడాలి. రిజిస్టర్ కాని గల్లీ చిట్టీ నడిపేవాళ్లు ఎంత తెలిసినవాళ్లైనా అందులో పిల్లల ఫీజు పెట్టొద్దు.

ఆర్డీ (రికరింగ్ డిపాజిట్, అంటే నెలనెలా ఒకే మొత్తం వేసే పొదుపు): మా ఓటు దీనికే. బ్యాంకులో నెలకు 5,000, 12 నెలలు, 6.5 శాతం వడ్డీ అనుకుంటే చేతికి దాదాపు 62,100. ఈఎంఐ వాళ్లు 67,200 కట్టిన చోట మీకు 60,000 పెట్టుబడితో ఫీజు పోగా పుస్తకాలకు కొంత మిగులుతుంది. జీతం పడిన మర్నాడే కట్ అయ్యేలా తేదీ పెట్టుకోండి. పోస్టాఫీసు ఆర్డీ గడువు 5 ఏళ్లు, ఏటా కట్టే ఫీజుకు అది కుదరదు. వచ్చే ఏడు ఫీజు 10 శాతం పెరిగేలా ఉంటే 5,500తో తెరవండి.

అయితే ఈ ఏడు ఫీజు కడుతూనే వచ్చే ఏడుకు దాచడం ఎలా? అసలు కష్టం ఇక్కడే. ముందు స్కూల్లో టర్మ్‌ల వారీగా కడతామని అడగండి, దానికి వడ్డీ ఉండదు. పక్కన 2,500తోనే ఆర్డీ మొదలుపెడితే వచ్చే జూన్‌కు 30,000 పైన చేతిలో ఉంటుంది. మూడు టర్మ్‌లలో ఒకటిన్నర తీరినట్టే. ఆ ఏడాది జీతంలోంచి ఫీజుకు తీయాల్సింది సగమే కాబట్టి కొత్త ఆర్డీని 5,000తో తెరవవచ్చు. రెండో జూన్ నాటికి మొత్తం ఫీజు ముందే సిద్ధంగా ఉంటుంది.

ఈలోగా తప్పనిసరై అప్పు చేయాల్సి వస్తే, యాప్ లోన్ కన్నా బ్యాంకులో బంగారం మీద తీసుకోవడం నయం. వడ్డీ సాధారణంగా తక్కువ ఉంటుంది. కాకపోతే గడువులోగా తీర్చకపోతే నగ వేలానికి పోతుంది, తీర్చే తేదీ ముందే రాసిపెట్టుకోండి.