ఒలింపస్ 8×40 డీపీఎస్-1 బైనాక్యులర్: తేలినీలాపురానికి సరిపోతుంది, తేలుకుంచి వానకు ఆగదు

ఆలుమగలిద్దరూ కారులో బయల్దేరి శ్రీకాకుళం జిల్లాలోని తేలినీలాపురం, తేలుకుంచి చూసుకుని, అటు ఒడిశాలోని భితర్‌కనిక జాతీయ పార్కుకో, ఇటు విజయనగరం నుంచి సాలూరు, కోరాపుట్, జగదల్‌పూర్ మీదుగా బస్తర్‌లోని కాంగేర్ లోయకో వెళ్దామనుకుంటే ముందు కావలసింది బైనాక్యులర్. తక్కువ ఖర్చులో పక్షులు చూసేవాళ్లు ఎక్కువగా చెప్పే పేరు ఒలింపస్ 8×40 డీపీఎస్-1. ఇందులో 8 అంటే ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందో, 40 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. దీని బలమేమిటో, ఎక్కడ దెబ్బతింటుందో తెలుసుకుని కొనడం మంచిది.

దీని అసలు బలం చూపు వెడల్పు. 8.2 డిగ్రీలు, అంటే కిలోమీటరు దూరంలో 143 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. వంద మీటర్ల దూరంలో 14 మీటర్లు. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఇది చాలా ఉపయోగం. అక్కడ పెలికాన్లు (గూడబాతులు), పెయింటెడ్ స్టార్క్ కొంగలు ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కడతాయి. ఒక చెట్టు మొత్తం ఒక్క చూపులో పడుతుంది కాబట్టి ఏ గూటికి తల్లి వాలిందో వెతుక్కోనక్కర్లేదు. 8 రెట్లకే పెలికాన్ పైముక్కు మీది నీలి మచ్చలు, స్టార్క్ తోక దగ్గరి గులాబీ ఈకలు, పిల్ల తన తలను తల్లి గొంతులోకి దూర్చి చేప అందుకోవడం స్పష్టంగా తెలుస్తాయి. 10×50 కొంటే ఇంకా బాగుంటుందనుకుంటారు. చేతి వణుకు కూడా పది రెట్లు అవుతుందని మరచిపోతారు.

ఈ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని మన దగ్గర అందరూ అంటారు. అది నిజం కాదు, ఈ రెండు జాతులూ మన దేశంలోనే ఉండి, నీళ్లను, గూటికి అనువైన చెట్లను బట్టి తిరిగేవి. సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో వచ్చి మార్చి, ఏప్రిల్ దాకా ఉంటాయి. 2021 డిసెంబర్‌లో ఇక్కడ నులిపురుగుల వల్ల పెలికాన్లు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. అందుకని కొమ్మకు వేలాడుతున్న పక్షి గానీ, చాలాసేపు కదలని పక్షి గానీ కనిపిస్తే అక్కడి అటవీ సిబ్బందికి వెంటనే చెప్పండి.

కళ్లజోడు పెట్టుకునేవాళ్లకు ఇది అంత అనుకూలం కాదు. కంటి వైపు అద్దం నుంచి కన్ను పెట్టాల్సిన దూరం 12 మిల్లీమీటర్లే. కళ్లజోడుతో చూస్తే చుట్టూ నల్లటి అంచు వచ్చి, పైన చెప్పిన వెడల్పులో చాలా భాగం పోతుంది. దూరపుచూపు లోపం మాత్రమే ఉంటే కళ్లజోడు తీసేసి ఫోకస్ చక్రంతో సరిచేసుకోవచ్చు. సిలిండర్ పవర్ (ఆస్టిగ్మాటిజం) ఉంటే అలా కుదరదు. వాళ్లు ఈ దూరం 16 మిల్లీమీటర్లకు పైగా ఉన్న 8×42 చూసుకోవాలి.

ఇద్దరికీ ఒకటే ఉంటే వచ్చే చిక్కు కూడా ఇక్కడే. రెండు కళ్ల మధ్య దూరం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, కుడికంటి సవరణ వేరు. చేతులు మారిన ప్రతిసారీ మళ్లీ సర్దుకోవాలి, ఈలోగా పక్షి ఎగిరిపోతుంది. మొదటిసారి ఇలా సర్దండి. దూరంగా ఉన్న బోర్డు మీది అక్షరాలు చూస్తూ కుడివైపు ముందు అద్దాన్ని అరచేత్తో మూసి, మధ్య చక్రం తిప్పి ఎడమకంటికి స్పష్టం చేయండి. తర్వాత ఎడమది మూసి, మధ్య చక్రం ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరి రింగు మాత్రమే తిప్పండి. కుదిరిన చోట రింగు మీదా, మడత కీలు మీదా నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టండి, ఆయనకో రంగు, ఆవిడకో రంగు. ఇది చేసినా, ఒక ఖరీదైనదాని కంటే ఇలాంటివి రెండు కొనడమే మేలు. 710 గ్రాముల బరువు కనుక దాంతో వచ్చే సన్నతాడు కాకుండా భుజాల మీద వేసుకునే బెల్టు తీసుకోండి, మెడ నొప్పి రాదు.

తేలుకుంచి దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. ఇచ్ఛాపురం మండలంలోని ఆ ఊరికి నత్తగుల్లలు తినే ఓపెన్‌బిల్ కొంగలు తొలకరితో వస్తాయి. అంటే చూడాల్సిన రోజులు ఎక్కువగా వానరోజులే, ఈ బైనాక్యులర్‌కేమో నీళ్ల నుంచి రక్షణ లేదు, లోపల ఆవిరి పట్టకుండా నైట్రోజన్ నింపి ఉండదు. ఏసీ కారులోంచి దిగగానే అద్దాల మీద ఆవిరి పడుతుంది. బయటిదైతే దానంతటదే పోతుంది, తుడవకండి. లోపలికి తేమ చేరితే మన కోస్తా గాలిలో కొన్నాళ్లకు బూజు పట్టి, అద్దం మీద సాలెగూడులాంటి గీతలు వస్తాయి. ఊరు పది నిమిషాల్లో వస్తుందనగా ఏసీ ఆపి కిటికీలు దించండి. ఇంట్లో గాలి చొరని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్‌తో పెట్టండి. దాని నీలం గుళికలు గులాబీగా మారితే వేడి చేసి మళ్లీ వాడాలి. తేలుకుంచికే ప్రధానంగా వెళ్లేవాళ్లు దీన్ని కొనకూడదు.

శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్న నౌపడ ఉప్పుమడుల దగ్గర పది గంటలు దాటితే నేల వేడికి గాలి అలలుగా ఊగుతుంది. అప్పుడు ఎంత ఖరీదైనదైనా మసకే. ఉదయమే చూడాలి. కారులోంచి చూసేటప్పుడు ఇంజను ఆపాలి, అద్దం దించి తలుపు మీద మడిచిన తువ్వాలు వేసి దానిపై ఆనించాలి. కారు ముందు అద్దంలోంచి చూస్తే బొమ్మ పాడవుతుంది.

భితర్‌కనికలో పడవ ఇంజను అదురుతుంది, అక్కడ 8 రెట్లే సుఖం. బురద ఒడ్డున మొసలి కంటిని కూడా పట్టుకోవచ్చు. మే నుంచి జూలై దాకా మొసళ్లు గుడ్లు పెట్టే కాలం కనుక పార్కు మూసేస్తారు. కాంగేర్‌లో కొండ గోరింకలు ఎత్తైన కొమ్మల నీడలో కూర్చుంటాయి. కంటికి చేరే కాంతి వలయం 5 మిల్లీమీటర్లు ఉండడం వల్ల తెల్లవారుజామున కూడా నారింజ రంగు ముక్కు, పసుపు చెంప తోలు కనిపిస్తాయి. సీతాకోకచిలుకల కోసమైతే వద్దు, 4 మీటర్ల కంటే దగ్గరిది ఫోకస్ కాదు.

కొనేటప్పుడు దూరంగా ఉన్న కరెంటు తీగను చూడండి. రెండు కళ్లతో చూస్తే ఒకటే తీగ కనిపించాలి, రెండుగా విడిపోతే లోపలి ప్రిజం (కాంతిని తిప్పే గాజు దిమ్మ) కదిలినట్టే. ఈ రకం వాటికి కిందపడితే వచ్చే తొలి జబ్బు అదే. కాసేపు వాడితే తలనొప్పి వస్తుంది. అలాంటిది పెట్టె తెరిచిన రోజే వెనక్కి ఇచ్చేయండి.