జనరల్ సైన్స్‌లో రసాయన శాస్త్రం: బిట్ బ్యాంకు మేలా, బడి పుస్తకం మేలా?

ఉద్యోగ పరీక్షలకు సిద్ధమయ్యే అభ్యర్థులు, అందులోనూ ఆర్ట్స్, కామర్స్ చదివి వచ్చినవారు, నన్ను ఏటా అడిగే ప్రశ్న ఒకటుంది. రసాయన శాస్త్రానికి బిట్ బ్యాంకు ఒక్కటి సరిపోతుందా, లేక 8, 9, 10 తరగతుల పుస్తకాలు మళ్ళీ ముందేసుకుని కూర్చోవాలా? గత నెలలోనే ముగ్గురు అడిగారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పడం కంటే నా అభిప్రాయాన్ని కారణాలతో సహా ఒకచోట రాసిపెట్టడం మంచిదనిపించింది. సిలబస్, మార్కుల వివరాలు అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోను.

ముందు బిట్ బ్యాంకు వైపు న్యాయం చెప్పాలి. రసాయన శాస్త్రంలో కొంత భాగానికి కారణాలు వెతుక్కుంటూ కూర్చోవడం వృథా. దాన్ని కంఠస్థం చేయవలసిందే. సోడియం సంకేతం నేట్రియం అనే లాటిన్ పేరు నుంచి వచ్చిందని, పాదరసపు ముడిఖనిజం సిన్నబార్ అని, సీసానిది గెలీనా అని, రాగికి జింకు కలిస్తే ఇత్తడి, తగరం కలిస్తే కంచు అవుతుందని, చింతపండులో టార్టారిక్ ఆమ్లం, పెరుగులో లాక్టిక్ ఆమ్లం ఉంటాయని పదిసార్లు కంటపడితే తప్ప గుర్తుండవు. ఇలాంటి వాటికి ఒక వాక్యం ప్రశ్న, ఒక మాట జవాబు ఉన్న పుస్తకానికి సాటి వచ్చేది లేదు. బస్సులో చదువుకోవచ్చు, పరీక్షకు ముందు రాత్రి తిరగేయవచ్చు. పొద్దంతా ఉద్యోగం చేసి రాత్రి గంట సేపు చదివేవారు దాన్ని ఎందుకు పట్టుకుంటారో నాకు బాగా తెలుసు.

అయితే నా దృష్టిలో ఈ రెండింటి మధ్య తేడాను తేల్చేది చదివే సౌకర్యం కాదు, ప్రశ్నను తిప్పి అడిగినప్పుడు జవాబు మన దగ్గర మిగిలి ఉంటుందా లేదా అన్నదే. గ్రూప్స్ స్థాయి పరీక్షల్లో సూటి ప్రశ్నల పక్కనే ప్రవచనాలిచ్చి వాటిలో ఏవి సరైనవో గుర్తించమనేవి, నిశ్చితం–కారణం రూపంలో ఉండేవి, జతపరచమనేవి వస్తున్నాయి. అక్కడ అభ్యర్థి చేతిలో ఒక్క మాట జవాబు మాత్రమే ఉంటే, నాలుగు ప్రవచనాల్లో ఒకదాన్ని పట్టుకుని మిగిలిన మూడింటి దగ్గర ఊహకు దిగవలసి వస్తుంది. రైల్వే పరీక్షల్లోలాగా తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోసేచోట ఆ ఊహ ఖరీదైనదే.

సున్నం సంగతే తీసుకుందాం. బిట్ బ్యాంకులో పొడి సున్నం అంటే కాల్షియం ఆక్సైడ్ అని ఒక పేజీలో, తడి సున్నం అంటే కాల్షియం హైడ్రాక్సైడ్ అని మరో పేజీలో, సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేట్ అని ఇంకెక్కడో ఉంటాయి. మూడు పేర్లూ ఒకేలా వినిపించడం వల్ల పరీక్ష గదిలో అవి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. బడి పుస్తకంలో అదే సంగతి ఒక గొలుసుగా నడుస్తుంది. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి పొడి సున్నం మిగులుతుంది. దానికి నీళ్ళు చేరితే వేడి పుట్టి తడి సున్నం అవుతుంది. ఆ తడి సున్నాన్ని గోడకు పూస్తే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని రెండు మూడు రోజుల్లో తిరిగి కాల్షియం కార్బొనేట్‌గా మారుతుంది. పండగకు ముందు డ్రమ్ములో సున్నపు గడ్డలు వేసి నీళ్ళు పోస్తే కుతకుతమని ఉడికి పైకి ఆవిరి లేవడం, గోడకు వేసిన రోజు మసకగా కనిపించిన సున్నం ఆ తర్వాత తెల్లగా మెరవడం మనలో చాలామంది ఇంటి దగ్గర చూసినవే. ఆ గొలుసు ఒక్కసారి అర్థమైతే ఉష్ణమోచక చర్యకు ఉదాహరణ అడిగినా, సున్నపు తేటలోకి ఊపిరి ఊదితే ఎందుకు పాలలా మారుతుందని అడిగినా, వెల్ల వేసిన గోడ మెరుపుకు కారణమైన పదార్థం ఏదని అడిగినా జవాబు ఒకేచోటి నుంచి వస్తుంది.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విషయంలో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఒక అభ్యర్థి దాని ఫార్ములాను తడుముకోకుండా చెప్పాడు. ఒక కాల్షియం సల్ఫేట్‌కు అర నీటి అణువు. మరో ప్రశ్నపత్రంలో అదే ఫార్ములాను రెండు కాల్షియం సల్ఫేట్‌లకు ఒక నీటి అణువుగా రాస్తే అది తప్పని కొట్టేశాడు. రెండూ ఒకటేనని, అర అణువు విడిగా ఉండదు కనుక రెండు ప్రమాణాలు కలిసి ఒక నీటి అణువును పంచుకుంటాయని పాఠం చదివినవారికి తెలుస్తుంది. జిప్సంలో రెండు నీటి అణువులుంటాయి. దాన్ని సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడి చేస్తే ఒకటిన్నర పోయి ప్లాస్టర్ మిగులుతుంది. మళ్ళీ నీళ్ళు కలిపితే పోయినదాన్ని తిరిగి తీసుకుని గట్టి జిప్సం అవుతుంది కనుకనే విరిగిన ఎముకకు కట్టు వేయడానికి పనికొస్తుంది, ఆ కారణంగానే తేమ తగలకుండా నిల్వ చేయాలి. మరీ ఎక్కువగా వేడి చేస్తే నీరంతా పోయి, గట్టిపడే గుణమే నశిస్తుంది. బిట్లుగా విడగొడితే ఇవి అయిదారు ప్రశ్నలు, పాఠంగా చదివితే నీటి అణువుల రాకపోకల గురించిన ఒక్క సంగతి.

తెలుగు అభ్యర్థులకు దగ్గరి ఉదాహరణ నల్లగొండ పద్ధతి. నీటిలోని ఫ్లోరైడ్‌ను తొలగించడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన ఈ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వాడతారన్నది అందరికీ వచ్చిన బిట్టే. వీటిలో ఏది ఏ పని చేస్తుందో జతపరచమంటే మాత్రం చాలామంది బ్లీచింగ్ పౌడర్ ఫ్లోరైడ్‌ను తీసేస్తుందని రాస్తారు. పటిక నుంచి ఏర్పడే అల్యూమినియం హైడ్రాక్సైడ్ ముద్దలు ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు చేరతాయి, సున్నం నీటి క్షారతను నిలిపి ఆ పనికి తోడ్పడుతుంది, బ్లీచింగ్ పౌడర్ చేసేది క్రిమిసంహారం మాత్రమే. ఎముకలు వంగిపోయిన మనుషులను తరాలుగా చూసిన ప్రాంతం పేరు పెట్టుకున్న పద్ధతిని మన అభ్యర్థులే తప్పుగా జతపరచడం నన్ను నిజంగా బాధపెడుతుంది.

బిట్ పుస్తకాలతో మరో చిక్కు అచ్చుతప్పులు. నేను చదువుకునే రోజుల్లో కొన్న ఒక పుస్తకంలో చాకలి సోడా, వంట సోడా జవాబులు తారుమారయ్యాయి. వంట సోడా అంటే సోడియం హైడ్రోజన్ కార్బొనేట్ అని, దాన్ని వేడి చేస్తే కార్బన్ డయాక్సైడ్ వెలువడి సోడియం కార్బొనేట్ మిగులుతుందని, కేకు పొంగడానికి కారణం ఆ వాయువేనని తెలిసినవాడు తప్పును వెంటనే పట్టుకుంటాడు. నాకు అప్పటికి అది తెలియక తప్పునే ఏడాదిపాటు శ్రద్ధగా వల్లె వేశాను.

బడి పుస్తకానికీ లోపాలున్నాయి. భౌతిక శాస్త్రంతో కలిసి ఉండటం వల్ల కావలసిన పాఠాలను ఏరుకోవాలి. ఎలక్ట్రాన్ విన్యాసాలు, మోల్ లెక్కల వంటి వాటిపై పెట్టే సమయానికి జనరల్ సైన్స్ ప్రశ్నల్లో తగిన ప్రతిఫలం రాదు. వంటగ్యాస్‌కు వాసన కోసం ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారనేది, 2020 మే 7న విశాఖపట్నంలో లీకైనది స్టైరీన్ అనేది, 1984 డిసెంబరులో భోపాల్‌లో వెలువడినది మిథైల్ ఐసోసయనేట్ అనేది అందులో దొరక్కపోవచ్చు. అయినా ఇవి పుస్తకం చివర ఖాళీ పేజీలో రాసుకుంటే తీరిపోయే లోపాలు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పుస్తకాల్లో ఒక పేజీ తెలుగులో, ఎదురు పేజీ ఇంగ్లీషులో ఉండటం మరో సౌలభ్యం; క్షయకరణం అనే మాట దగ్గర ఆగిపోయినవారు పక్క పేజీ చూసుకుని ముందుకు సాగవచ్చు.

కోచింగ్ నోట్సు రాసినవారి ఓపికను బట్టి ఉంటుంది. చాలావరకు బిట్ బ్యాంకునే వాక్యాలుగా మార్చినది. వీడియో పాఠాలు అర్థం కాని ఒకటి రెండు చోట్ల ఉపయోగపడతాయి. ఇంటర్, డిగ్రీ పుస్తకాలు ఈ పరీక్షలకు అవసరం లేదు.

మూడు నెలలు, అంతకు మించి సమయం ఉన్నవారు బడి పుస్తకంతోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. ఆమ్లాలు, క్షారాలు, లవణాలతో ప్రారంభించి, లోహాలు, కార్బన్ సమ్మేళనాలు, రసాయన చర్యలు అనే వరుసలో చదివి, ప్రతి పాఠం పూర్తయ్యాకే ఆ పాఠానికి సంబంధించిన బిట్లు చేయండి. తప్పిన ప్రతి బిట్టు పక్కన పాఠంలోని పేజీ సంఖ్య రాసుకోండి. రైల్వే గ్రూప్–డి రాసేవారికి 100 ప్రశ్నల్లో 25 జనరల్ సైన్స్ నుంచే, అదీ పదో తరగతి స్థాయిలోనే వస్తాయి కనుక వారు ఈ పని తప్పించుకోలేరు. పరీక్షకు మూడు వారాలే మిగిలితే బిట్ బ్యాంకునే తీసుకోండి, అందులో తప్పేమీ లేదు. ఆమ్లాలు, క్షారాలు, లవణాల పాఠాన్ని మాత్రం ఒక ఆదివారం పుస్తకంలోనే పూర్తిగా చదవండి.