ట్రాక్టర్ లాగట్లేదు: టర్బో విప్పడం మేలా, బూస్ట్ కొలవడం మేలా?

దమ్ములు మొదలయ్యాయంటే ఆనందపురం, పద్మనాభం వైపు రైతులు నన్ను అడిగేది ఒకటే. “బండి లోడు లాగట్లేదు, టర్బో పోయిందంటున్నారు, మార్చేయమంటారా?” టర్బో అంటే ఎగ్జాస్ట్ బలంతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని గట్టిగా నెట్టే భాగం, ఆ గాలి ఒత్తిడినే బూస్ట్ అంటారు. పోయిన నెల నా బండికే ఆ తిప్పలు వచ్చాయి. ఇటుకల లోడుతో మిట్ట ఎక్కుతుంటే నల్లటి పొగ కక్కుతూ ఆగిపోయేలా అయింది.

మెకానిక్ టర్బో విప్పుదామన్నాడు. అది తప్పేం కాదు. గాలి వచ్చే హోస్ తీసి షాఫ్ట్‌ని వేళ్లతో కదిపితే కొంత తెలుస్తుంది. పక్కలకి కొంచెం ఆడటం మామూలే. ముందుకీ వెనక్కీ ఆట చేతికి తెలిసినా, రెక్కలు కేసింగ్‌కి రాసుకున్నా అది పోయినట్టే. నీలి పొగ వస్తూ ఆయిల్ తగ్గిపోతున్నా అనుమానించాలి. కానీ షాఫ్ట్ బాగుంటే? విప్పిన కూలి దండగ, జబ్బు అలాగే ఉంటుంది.

అందుకే నేను బూస్ట్ గేజ్ వైపే. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే మానిఫోల్డ్‌కి గేజ్ తగిలించి లోడు మీదే చూడాలి. షెడ్డులో ఖాళీ బండికి రేస్ ఇస్తే ముల్లు పెద్దగా లేవదు, ఎందుకంటే టర్బోని తిప్పేది ఎగ్జాస్ట్ వేడి, ఒత్తిడే. వచ్చిన అంకెను మీ మోడల్ మాన్యువల్‌తో పోల్చుకోండి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. బూస్ట్ తక్కువ చూపించగానే టర్బో పోయిందనుకుంటారు. డీజిల్ సరిగా అందకపోతే ఎగ్జాస్ట్‌లో బలం తగ్గి బూస్ట్ కూడా పడిపోతుంది. అప్పుడు పొగ ఉండదు. ఇంజిన్‌కి డీజిల్ కొట్టే కొన్ని పంపులకి బూస్ట్‌ని బట్టి డీజిల్ పెంచే డయాఫ్రం ఉంటుంది. దానికి వెళ్లే సన్న పైపు చిట్లినా ఇదే లక్షణం. బూస్ట్ తగ్గి నల్ల పొగ కూడా వస్తే మాత్రం గాలి చాలట్లేదని అర్థం. అప్పుడు ముందు చూడాల్సింది హోసులు, టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్, ఆ తర్వాతే టర్బో.

నా బండిలో గేజ్ తక్కువ చూపించింది, పొగ నల్లగా ఉంది. గాలి దారి మూసి కంప్రెసర్‌తో కొద్దిపాటి గాలి ఎక్కించి, సబ్బు నీళ్లు రాస్తే క్లిప్ కింద హోస్ చీలిక బుడగలు కట్టింది. చేత్తో తడిమితే దొరికేది కాదు, గాలి నిండితేనే తెరుచుకుంటోంది. హోస్ ఒక్కటి మార్చాక అదే లోడుతో అదే మిట్ట ఎక్కింది. ఆరోజు నాకు ప్రాణం లేచొచ్చింది.

ఎయిర్ క్లీనర్, డీజిల్ ఫిల్టర్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. భీమిలి వైపు ఎర్ర దుమ్ములో తిరిగే బండికి గేజ్ పెట్టకముందే అవి చూసేయాలి. ఇంజెక్టర్లు, పంపు కాలిబ్రేషన్ (డీజిల్ కొలత సరిచేయించడం) ఆఖరి మాట. పొగ ఉన్నా పంపు సీలు తీసి డీజిల్ పెంచేవాళ్లని మాత్రం దగ్గరికి రానివ్వకండి, పిస్టన్లు కాలిపోతాయి.

అన్నీ చూశాక టర్బోయే పోయిందని తేలితే, కొత్తది బిగించే ముందు టర్బోకి ఆయిల్ వచ్చే పైపు మార్చండి లేదా లోపల పూర్తిగా శుభ్రం చేయించండి. ఆయిల్, ఫిల్టర్ కూడా మార్చండి. పాతది ఆయిల్ అందకే పోయుంటే కొత్తదీ అలాగే పోతుంది.