స్లాబు మీది నంబరును ఎంతవరకు నమ్మవచ్చు: ఎన్‌జీసీ తనిఖీ పేజీపై ఒక పాత క్యాషియరు సమీక్ష

ముప్ఫై ఒక్క ఏళ్లు బ్యాంకులో క్యాష్ కౌంటరు వెనక కూర్చున్నవాణ్ణి. నంబర్లంటే నాకు భక్తి లేదు. దొంగనోటు మీద కూడా నంబరు ఉంటుంది. చాలాసార్లు అది ఎక్కడో ఒక అసలు నోటు మీద నిజంగానే ఉన్న నంబరు. ఇంత తెలిసి కూడా పోయిన కార్తీకంలో ఒక వెండి రూపాయి దగ్గర బోల్తా పడబోయాను. నన్ను ఆపింది నాణేలకు గ్రేడు ఇచ్చే ఎన్‌జీసీ వారి వెబ్‌సైటులో, నంబరు కొట్టి చూసుకునే సర్టిఫికెట్ తనిఖీ పేజీ. ఆ పేజీకి ఐదుకు నాలుగు మార్కులు వేస్తున్నాను. ఒకటి ఎందుకు తగ్గించానో కూడా చెబుతాను.

కొత్తవారి కోసం రెండు మాటలు. ఎన్‌జీసీ 1987లో మొదలైన అమెరికా సంస్థ. మనం పంపిన నాణేన్ని పరీక్షించి, 70 మార్కుల కొలమానం మీద గ్రేడు ఇచ్చి, పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో మూసి పంపుతుంది. ఆ డబ్బానే సేకర్తలు స్లాబు అంటారు. లోపలి చీటీ మీద దేశం, సంవత్సరం, విలువ, గ్రేడు, వాటితోపాటు ఒక నంబరు ఉంటాయి. సాధారణంగా ఏడంకెలు, ఒక గీత, తర్వాత మూడంకెలు. మొదటి భాగం నాణేలు పంపినప్పుడు నింపిన ఫారానిది. చివరి మూడంకెలు ఆ ఫారంలో ఈ నాణెం వరుసలో ఎన్నోదో చెబుతాయి. అంతకు మించి అందులో ఏ రహస్యమూ లేదు.

ఇది తెలియక డబ్బు పోగొట్టుకునేవారిని చూశాను. ఒక ప్రదర్శనలో ఒకాయన తన స్లాబు చివర 001 ఉందని, ‘మొట్టమొదటి ముక్క’ అని, రెండు వేలు ఎక్కువ అడిగాడు. నోట్ల మీద 786 ఉంటే ఎక్కువ ధర పెట్టి కొనేవారున్నారు, అది వారి ముచ్చట. స్లాబు చివరి 001కి అర్థం మాత్రం ఆ నాణేన్ని ఎవరో ఫారంలో మొదటి గడిలో రాశారని. రేషను దుకాణం వరుసలో ముందు నిలబడినంత గొప్ప!

ఇక నా కథ. నాకు చాలాకాలంగా ఐదో జార్జి బొమ్మ ఉన్న 1911 రూపాయి మీద కన్ను ఉంది. రాజు దుస్తుల మీది ఏనుగు బొమ్మ పందిలా కనబడుతోందని గొడవ రేగింది. ప్రభుత్వం ఆ నాణేలను వెనక్కి తీసుకుని, 1912 నుంచి బొమ్మ మార్చి ముద్రించింది. సేకర్తలు దీన్ని పిగ్ రూపాయి అంటారు. మంచి స్థితిలో ఉన్నది దొరకడం కష్టం. కొత్తగా పరిచయమైన ఒక అమ్మకందారు స్లాబులో ఉన్నదాన్ని నేరుగా మా ఇంటికే తెచ్చాడు. అడగకముందే, ‘నంబరు కొట్టి చూసుకోండి సార్’ అన్నాడు. ఆ ధీమా నాకు నచ్చింది. నచ్చకుండా ఉండాల్సింది.

ఫోనులో పేజీ తెరిచాను. నంబరుతోపాటు గ్రేడు కూడా అడుగుతుంది. రెండూ ఇచ్చాను. ఇండియా, 1911, రూపాయి, గ్రేడు, అన్నీ సరిపోయాయి. మా ఆవిడ అప్పటికే కాఫీ కలుపుతోంది. బేరం కుదిరిందనే లెక్క. కిందికి జరిపితే ఫొటోలు కనబడ్డాయి. రాజు గడ్డం కింద వెంట్రుకంత గీత, అంచు దగ్గర నీలం కలిసిన నలుపు. చేతిలో ఉన్నదాని మీద గీత లేదు, నలుపు లేదు, తోమిన గిన్నెలా తెల్లగా ఉంది.

‘బాబూ, ఈ గీత ఏదీ?’ అన్నాను.

‘ఫొటోలో వెలుతురు తేడా సార్.’

గాయం మానితే మళ్లీ చర్మం వచ్చేది మనిషికి, వెండికి రాదు. కాఫీ ఇచ్చి పంపించాను. ఆ డబ్బా పగలగొట్టి చూడలేదు గాని, నంబరు ఒక నాణెంది, నాణెం మరొకటి అన్నది మాత్రం ఖాయం. ఇలాంటి నకిలీ డబ్బాలు 2008 ప్రాంతం నుంచే బయటపడుతున్నాయి. వాటి మీద ఉండేది అసలు నంబరే. విడి నాణెమైతే తూకం వేసేవాణ్ణి: ఆ కాలపు వెండి రూపాయి బరువు సరిగ్గా తులం, 11.66 గ్రాములు. స్లాబులో ఉన్నప్పుడు ఆ దారి మూసుకుపోతుంది. మిగిలేది కళ్లు, ఆ ఫొటో.

ఒక మార్కు తగ్గించింది కూడా అందుకే. పాత స్లాబులు చాలావాటికి ఫొటో ఉండదు. అప్పుడు ఆ పేజీ చెప్పగలిగింది ఒక్కటే, ఈ నంబరుతో ఒక నాణేన్ని ఎప్పుడో గ్రేడు చేశామని. అది మీ చేతిలోదేనా అన్న ప్రశ్న మీకే మిగులుతుంది. ఫొటో లేని ఖరీదైన నాణేన్ని తెలియనివారి దగ్గర నేను కొనను.

పోటీ సంస్థ పీసీజీఎస్ నంబరు తీరు వేరు. చీటీ మీద 7130.65 అని, గీత తర్వాత మరో నంబరు ఉందనుకోండి. 7130 అంటే 1881లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ముద్రించిన మోర్గాన్ డాలరు అనే అమెరికా వెండి నాణెం రకం, 65 గ్రేడు. ఆ మొదటి భాగం అదే రకం, అదే గ్రేడు ఉన్న నాణేలన్నింటికీ ఒకటే. మీ నాణేనికి ప్రత్యేకమైనది గీత తర్వాతిదే. తనిఖీకి దాన్నే కొట్టాలి. అందరికీ ఉండే అంకెలను చూపించి ‘నంబరు కలిసింది’ అనేవారి దగ్గర జాగ్రత్త.

నంబరు నాకు ఒక సంతోషం కూడా ఇచ్చింది. నా దగ్గర రెండు 1840 విక్టోరియా రూపాయిలున్నాయి. ఒకటి హైదరాబాదులో, మరొకటి నాలుగేళ్ల తర్వాత చెన్నైలో కొన్నాను. మొన్న పెట్టె సర్దుతుంటే చూశాను, రెండింటికీ మొదటి ఏడంకెలు ఒకటే. ఒకదాని చివర 004, మరొకదాని చివర 011. ఎవరో ఒకే ఫారం మీద పంపారు, ఎక్కడెక్కడో తిరిగి నా పెట్టెలో మళ్లీ కలిశాయి. మధ్యలో ఉన్న ఆరింటి నంబర్లూ నా పుస్తకంలో రాసుకున్నాను. ఇప్పుడు ఏ ప్రదర్శనకు వెళ్లినా ముందు సంవత్సరం కాదు, ఆ చీటీ మీది మొదటి ఏడంకెలే చూస్తున్నాను.