తోపు దారి చదునుకు ఏది మేలు: వెనక బ్లేడా, బాక్స్ బ్లేడా, ఇనుప చట్రమా, జేసీబీనా?

తారు రోడ్డు నుంచి మా మామిడి తోపు దాకా 400 మీటర్ల మట్టిదారి ఉంది. చిత్తూరు దగ్గర పాకాల వైపు చాలా దారుల్లాగే పైన ఎర్రమట్టి, కింద గరుసు. తోతాపురి జ్యూస్ ఫ్యాక్టరీకి పోతుంది కాబట్టి కాయ కాస్త ఒత్తుకున్నా గడిచిపోతుంది. బేనీషా (బంగినపల్లి) అట్లా కాదు. ట్రాలీ ఒక్క గుంతలో ఎగిరిపడిందంటే అడుగు వరస కాయలు కమిలిపోతాయి. ఆ మచ్చ తోపులో కనబడదు, మండీకి పోయాక బయటపడుతుంది. ఏడాది కష్టం ఆఖరి 400 మీటర్లలో దెబ్బతింటే మనసుకు చాలా బాధ. అందుకే ఈ దారి మీద నేను ఇంత పట్టుదలగా ఉంటాను.

మొదట జేసీబీ సంగతి. దారి రూపమే పోయినప్పుడు, పక్క కాలవ తవ్వాల్సినప్పుడు, అడ్డంగా తూము పైపు వేయాల్సినప్పుడు దానికి సాటి లేదు. చదునుకు మాత్రం నేను పిలవను. ఒకసారి బాడుగకు పిలిచి గ్రావెల్ పరిపించాను. సాయంత్రానికి దారి బల్లపరుపుగా, చూడ్డానికి ముచ్చటగా ఉంది. నవంబర్ వానలకు నీళ్లు పక్కకు పోవడానికి వాలు లేక నడుమే నిలిచాయి. పాలవ్యాను చక్రాలు ఆ తడిలో దిగి, సంక్రాంతికల్లా రెండు గాళ్లు పడ్డాయి. మట్టిదారికి బల్లపరుపు పనికిరాదు, తాబేటి వీపులా నడుమ ఎత్తు ఉండాలి. అడుగుకు అర అంగుళం వాలు చాలు. పది అడుగుల దారికి నడుమ నుంచి అంచుకు ఐదడుగులు, అంటే అంచు కంటే నడుమ రెండున్నర అంగుళాలు ఎత్తు.

ఈ వీపు తేవడానికే వెనక బ్లేడు, అంటే ట్రాక్టరు వెనక అడ్డంగా తగిలించే ఇనుప పలక, కావాలి. నాది 24 హెచ్‌పీ చిన్న ట్రాక్టరు, ఐదడుగుల బ్లేడు. కొత్తలో దానితో నేను చదును చేయలేదు, అలలు చేశాను. మూడుసార్లు తోలితే దారి అలలు అలలుగా తేలింది. మా చిన్నాయన గెనిమ మీద నిలబడి చూసి, "ట్రాక్టరు ఊగినట్టే బ్లేడూ ఊగుతాది నాయనా, దాన్ని నువ్వు గట్టిగా పట్టుకున్నంత సేపూ ఇంతే" అన్నాడు.

ఆ మాటలోనే అసలు కిటుకుంది. పొజిషన్ కంట్రోల్‌లో, అంటే లివరు ఎక్కడ పెడితే ఆ ఎత్తులోనే హైడ్రాలిక్ చేతులు ఆగే పద్ధతిలో, బ్లేడును ఒక ఎత్తులో నిలిపితే అది ట్రాక్టరుకు అతికించినట్టే ఉంటుంది. ముందు చక్రాలు మిట్ట ఎక్కితే వెనక భాగం కుంగి బ్లేడు నేలలోకి దిగుతుంది. వెనక చక్రాలు ఆ మిట్ట ఎక్కేటప్పుడు బ్లేడు లేచి మట్టిని వదిలేస్తుంది. అంటే పాత మిట్టకు తోడు కొత్తది ఇంకొకటి పుడుతుంది. ట్రాక్టరు ఎంత పొట్టిదైతే ఈ ఊపు అంత ఎక్కువ. డ్రైవరు కంగారుపడి లివరు పైకీ కిందికీ ఆడిస్తే ప్రతి ఆటా నేల మీద అచ్చుపడుతుంది.

నాకు కుదిరిన పద్ధతి చెబుతాను. బ్లేడును 30 డిగ్రీలు ఏటవాలుగా తిప్పుకోవాలి. అప్పుడు మిట్ట బ్లేడు మొత్తానికీ ఒక్కసారే తగలదు, కొంచెం కొంచెంగా తగులుతుంది. కోసిన మట్టి దొర్లుకుంటూ ఒక కొసకు పోతుంది. ఐదడుగుల బ్లేడు అంత ఏటవాలులో దాదాపు నాలుగడుగుల నాలుగంగుళాల మేర తీస్తుంది. మీ ట్రాక్టరు వెనక టైర్ల బయటి వెడల్పు అంతకంటే తక్కువ ఉండాలి, లేకపోతే చదును చేసిన చోటే టైరు తొక్కుతుంది. తర్వాత టాప్ లింక్, అంటే బ్లేడు చట్రం పైభాగాన్ని ట్రాక్టరుకు కలిపే నడిమి కడ్డీ. దాన్ని పొట్టి చేస్తే బ్లేడు పై అంచు ముందుకు వాలి, కింది అంచు నేల మీద జారుతుంది. పొడుగు చేస్తే పై అంచు వెనక్కి వాలి, కింది అంచు ఉలిలా దూసుకుపోతుంది. కోతకు పొడుగు, నునుపుకు పొట్టి. ఆఖరి సారి లివరు పూర్తిగా కిందికి వదిలేసి, బ్లేడును తన బరువు మీదే నడవనిస్తాను. బ్లేడును పూర్తిగా తిప్పి దాని వెనక వైపును ముందుకు పెట్టుకుంటే ఇంకా నునుపు. లో గేరులో, మనిషి నడిచే వేగంలో పోవాలి. అంచు నుంచి నడుమకు మట్టి లాగేటప్పుడు కుడి వైపు లెవెలింగ్ రాడ్ (ఆ పక్క చేతి ఎత్తు సర్దే కడ్డీ) తిప్పి, కాలవ వైపు కొసను కొంచెం కిందికి దించుకుంటే వీపు దానంతట అదే లేస్తుంది.

బాక్స్ బ్లేడు గురించి చాలామంది ఆశగా అడుగుతారు. రెండు పక్కలా మూత ఉంటుంది కాబట్టి మట్టి జారిపోదు. మిట్ట దగ్గర కోసింది పల్లం దాకా మోసుకుపోతుంది. ముందు పళ్లు గట్టి నేలను చీలుస్తాయి. టాప్ లింక్ దగ్గర జాగ్రత్త, దీనికి లెక్క తిరగబడుతుంది: పొట్టి చేస్తే ముందు భాగం దిగి పళ్లు కరుస్తాయి, పొడుగు చేస్తే వెనక అంచు మీద బరువు పడి నునుపు చేస్తుంది. ఇంటి ముందు కళ్లం లాంటి చోటు చదును చేయడానికి ఇదే మేలు. కాలవలోకి జారిన మట్టిని ఏటవాలుగా లాగి నడుమకు తేవడం మాత్రం దీనితో కాదు. చిన్న ట్రాక్టరుకు నిండు పెట్టె లాగడమూ బరువే. దారి ఒక్కటే పనైతే దీనికి డబ్బు పెట్టమని నేను చెప్పను.

నునుపు ఒక్కటే చూస్తే అన్నిటికంటే మేలైనది వెల్డింగ్ షాపులో చేయించుకునే ఇనుప చట్రం. ఆరడుగుల పొడుగు చానెల్ పట్టీలు రెండు, వాటి నడుమ ఏటవాలుగా రెండు యాంగిల్ అంచులు, పట్టీల అడుగుకు సమానంగా. పట్టీలు గుంతను దాటేంత పొడుగు కాబట్టి చట్రం గుంతలో దిగదు. మిట్టను అంచులు గీకుతాయి, ఆ మట్టి పల్లంలో రాలుతుంది. గొలుసుతో లాగితే ట్రాక్టరు ఊపు దానికి తగలదు, డ్రైవరుకు అనుభవం లేకపోయినా దారి నునుపు వస్తుంది. మడి దున్నాక మనం తోలే మానుదీ ఇదే సూత్రం. అమెరికాలో మిస్సోరీ రైతు డి. వార్డ్ కింగ్ 1890లలో ఒక మానును నిలువునా చీల్చి, రెండు చెక్కలనూ కలిపి, వాన వెలిశాక గుర్రాలతో మట్టిదారి మీద లాగించాడు. ఆ పద్ధతి అక్కడ ఊరూరా పాకింది. చట్రానికి ఉన్న లోటు ఒకటే, అది ఉన్న రూపాన్ని నునుపు చేస్తుంది గానీ లేని వీపును తేలేదు.

కాబట్టి నా ఎంపిక వెనక బ్లేడూ ఇనుప చట్రమూ, రెండూ. ఒకటే కొనగలిగితే బ్లేడు. అది వీపునూ తెస్తుంది, ఓపిక పడితే నునుపునూ ఇస్తుంది. దారికి వీపు బాగానే ఉండి కుదుపు మాత్రమే బాధపెడుతుంటే చట్రం చాలు.

ఏది వాడినా గుంతను పైపైన పూడ్చొద్దు. గట్టి గిన్నెలో పోసిన వదులు మట్టి, రెండు వానలకే లేచిపోతుంది. గుంత అడుగు దాకా కల్టివేటర్‌తో దున్ని, అప్పుడు బ్లేడు వేయాలి. చిన్న ట్రాక్టరు తేలిక కాబట్టి ఇది ఇంకా అవసరం, దున్నకుండా వేస్తే బ్లేడు గట్టి నేల మీద జారిపోతుంది. ఎండాకాలం పొడిమట్టిలో పని చేస్తే దుమ్మే మిగులుతుంది. వేసవి వాన పడ్డ మర్నాడో మూడోనాడో, పిడికిట పడితే మట్టి ముద్దయ్యేంత తడి ఉన్నప్పుడు చేసి, ట్రాలీ నిండా మట్టి వేసుకుని నాలుగుసార్లు తొక్కించాలి. గెనిమ అంచుకు మరీ దగ్గరగా పోవద్దు, చిన్న ట్రాక్టరు తేలిగ్గా ఒరుగుతుంది. బ్లేడు వెనకాల పిల్లలు నడవకుండా చూసుకోండి.

మా వైపు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. అందుకే కాయ కోతకు ముందు ఒకసారి, సెప్టెంబర్‌లో ఇంకోసారి చేస్తాను. వాన కురిసేటప్పుడే గొడుగు వేసుకుని దారి పొడుగునా నడుస్తాను. నీళ్లు ఆగిన ప్రతి చోటా పక్కన ఒక రాయి పెడతాను. తెరపిచ్చి నేల కాస్త ఆరాక ట్రాక్టరు తీసుకుని ఆ రాళ్ల దగ్గరికే పోతాను.